శివారు కడవ – కృష్ణాతీర జలధర్మము



పూజారంభమున మనమందరము సంకల్పము చెప్పుకొనుచున్నాము. ఆ సంకల్పములో మన చిరునామా ఉన్నది. కాలమును చెప్పిన పిమ్మట దేశమును చెప్పవలెను. అపుడు వీధి పేరు గాని, ఇంటి సంఖ్య గాని చెప్పము. కృష్ణా గోదావరీ నదుల మధ్యదేశమున ఉన్నవారమని చెప్పుకొందుము. భగవంతుని ఎదుట నిలిచి మనమెవరమో విన్నవించుకొనునపుడు రెండు నదులను సాక్ష్యముగా పిలుచుచున్నామన్న మాట. సాక్ష్యమునకు పిలిచినవారి క్షేమము విచారించుట మర్యాద. ఆ విచారణయే నేటి మన ప్రసంగ విషయము.

బందరు పట్టణమునకు ఆనుకొని, సముద్రపు మొగమున, గిలకలదిండి ఉన్నది. నేడది చేపల రేవు. గిలక అనగానే నూతిమీది గిలక మనకు తలపునకు వచ్చును. కాని ఈ తీరమున నేలను ఎచట త్రవ్వినను ఉప్పునీరు పడునను భయమే. త్రాగు నీరు దూరము నుండి రావలెను. బెజవాడ వద్ద కృష్ణను విడిచిన బందరు కాలువ ఎన్నో ఊళ్లను దాటి ఈ సీమకు చేరును. పై ఊళ్లవారు త్రాగి, పండించుకొని, కడుగుకొని, విడువగా మిగిలినది వీరి పాలు. ఇట్టి ఊళ్లను కాలువల పరిభాషలో శివారు గ్రామములందురు. కాలువ మొదట ఉన్నవాడు నీటి విషయమున ధర్మము పాటించెనో లేదో వాని మాటలను బట్టి తెలియదు. శివారున ఉన్నవాని కడవలోనికి తొంగి చూచిన తెలియును. నేటి ప్రసంగమున మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే. తక్కినదంతయు దీనికి వివరణము.

వేదము ఏమి చెప్పినదో మొదట చూతము. దేవాలయములో నీరాజనమైన పిమ్మట మంత్రపుష్పము వినని భక్తుడుండడు. నీటికి నెలవు ఎయ్యదియని తరచి తరచి చెప్పు ఆ మంత్రములు తైత్తిరీయారణ్యకమున మొదటి ప్రశ్నములో ఉన్నవి. దానికి అరుణప్రశ్నమని పేరు. పాఠశాలలో అరుణమును వల్లించినవారికి తెలియును, ఆ ప్రశ్నముననే కొన్ని అనువాకముల తరువాత ఆరుణకేతుకమను అగ్నిచయనము చేయువాని వ్రతనియమములు వచ్చును. ఆ చయనమున మట్టి ఇటుకలు లేవు, జలములే ఇటుకలు. ఆ వ్రతమును పట్టినవాడు నీటిలో మలమూత్రములు విడువరాదు, ఉమియరాదు అని అచట స్పష్టముగా నిషేధింపబడినది. మంత్రపుష్పమునకు చేతులు జోడించువారు వేలమంది. అదే ప్రశ్నములోని నిషేధమును తలచువారు ఎందరు? ఒకే ప్రశ్నములోని రెండు భాగములలో ఒకదానిని తలపై పెట్టుకొని, రెండవదానిని కాలువలో పారవేయుట న్యాయము కాదు.

మన పెద్దలు కర్మలను ఇష్టమనియు పూర్తమనియు రెండుగా విభజించిరి. యజ్ఞాదులు ఇష్టము. చెరువులు, బావులు, తోటలు, అన్నసత్రములు పూర్తము. చెరువు త్రవ్వించిన దాత చివరకు ఉత్సర్గమను కర్మ చేయవలెను. ఈ నీరు నాది కాదు, సర్వప్రాణులకు విడిచితిని, అని జలధార వదలుటయే ఉత్సర్గము. పశువు త్రాగవచ్చును, పక్షి త్రాగవచ్చును, పరదేశి త్రాగవచ్చును. ఆ కర్మ ముగిసిన క్షణము నుండి దాతకు కూడ ఆ చెరువుపై యాజమాన్యము లేదు. మంచి నీరు ధారపోయబడిన సొత్తు. ధారపోసినదానిని మరల మలినపరచుటకు ఎవరికిని అధికారము లేదు.

పూర్తకర్మమునకు భక్తి ఒక్కటియే చాలునని పెద్దలు తలపలేదు. కడప సీమలో పోరుమామిళ్ల చెరువు వద్ద ఒక శాసనము కలదు. శాలివాహన శకము 1291, సౌమ్య సంవత్సరము, అనగా క్రీస్తుశకము 1369 నాటిది. విజయనగర ప్రభువు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించెను. ప్రతిదినము వేయిమంది కూలీలును, రాళ్లు తోలుటకు నూరు బండ్లును పని చేయగా రెండు సంవత్సరములకు కట్ట పూర్తియయ్యెనని శాసనము చెప్పుచున్నది. అంతకంటె విలువైన విషయమొకటి అందున్నది. మంచి చెరువునకు పండ్రెండు సాధనములు, ఆరు దోషములు అందు లెక్కింపబడినవి. ధర్మాత్ముడైన ప్రభువు ఎంత అవసరమో, జలశాస్త్రము తెలిసిన పండితుడు, గట్టి నేల, తీయని నీటి నది, పొడవైన రాళ్లు దొరకు గని, పని తెలిసిన కూలీలు కూడ అంతే అవసరమని అచట చెప్పబడినది.

దోషములను గమనింపుడు. కట్టనుండి నీరు ఊరుట ఒక దోషము. చవుటి నేల మరియొకటి. రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట ఇంకొకటి. నీరు కొంచెమై భూమి ఎక్కువగుటయు, నీరు ఎక్కువై భూమి కొంచెమగుటయు దోషములే. ఆ శాసనము కొండల నడుమ కట్టిన ఒక చెరువును గూర్చి చెప్పినది. అయినను ఆరు వందల యేండ్ల తరువాత మన కృష్ణా డెల్టా కష్టములను వరుసగా వ్రాసినను ఆ దోషములే వచ్చును. ఇచట సముద్రపు చవుడు ఉన్నది. నది నేడు నాలుగు రాష్ట్రముల సొత్తు. కొన్ని యేండ్లు నీరు చాలదు, కొన్ని యేండ్లు ముంచెత్తును. అందుచేత ఆ శాసనమును మనసున ఉంచుకొని మన సీమ చరిత్రలోనికి పోవుదము.

ఆనకట్టకు పూర్వము కృష్ణ నిండుగా పారినను చేలకెక్కెడిది కాదు. వానలు తప్పినచో నది ప్రక్కననే జనము నశించిరి. 1832-33 నందన నామ సంవత్సరపు కరువు పేరు మన పెద్దల నోట నేటికిని వినబడును. డొక్కల కరువని దానిని పిలిచిరి. గుంటూరు సీమలో మూడవవంతునకు పైగా జనము నశించిరని నాటి లెక్కలు చెప్పుచున్నవి. ఆ తరువాతనే గోదావరికి ధవళేశ్వరము వద్ద సర్ ఆర్థరు కాటను 1847లో ఆనకట్ట ప్రారంభించెను. కృష్ణకు బెజవాడ వద్ద కెప్టెను ఓర్ పర్యవేక్షణలో 1852లో పని మొదలై 1855లో పూర్తియయ్యెను. గోదావరీ తీరపు విప్రులు కాటను దొరను భగీరథునితో పోల్చి శ్లోకము చెప్పుకొనిరనగా, ఆ నీరు వారి కడుపులకు ఎంత చల్లన కలిగించెనో గ్రహింపవచ్చును. బందరు కాలువ వెంట నీరును, పడవలును, ధాన్యమును సముద్రతీరము దాక వచ్చినవి. నదికి దూరముగా ఉన్న ఊళ్లు సహితము కృష్ణాతీరములైనవి.

అయితే తీరపు సీమకు రెండు దిక్కుల నుండి నీరు వచ్చును. పడమట నుండి వచ్చునది తీపు, తూర్పు నుండి వచ్చునది ఉప్పు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి, రక్తాక్షి సంవత్సర కార్తిక మాసము మొదలైన రెండు దినములకే, తుపానుతో సముద్రము సుమారు 13 అడుగుల ఎత్తున లేచి బందరుపై పడెను. సుమారు 30,000 మంది మరణించిరి. బ్రదికినవారికి మరునాడు ఎదురైన మొదటి కష్టము దాహము. చెరువులలో ఉప్పు, బావులలో ఉప్పు, చేలలో ఉప్పు. చుట్టును కనుచూపు మేర నీరే; త్రాగుటకు చుక్క లేదు. కార్తికస్నానము ప్రారంభమైన పుణ్యదినములలో జరిగిన ఈ ఘోరము తీరమునకు ఒక పాఠము నేర్పెను. మంచినీటి చెరువు గట్టు ఎత్తుగాను గట్టిగాను ఉండుట కేవలము సౌకర్యము కాదు. అది ప్రాణరక్షణము.

ఆ గట్టును ఎవరు చూడవలెను? పూర్వము ఊరే చూచెడిది. రైతులు తమ కాలువలను తామే పూడిక తీసుకొనుట, వరదకు గట్టు తెగునట్లున్నపుడు కాలు చేయి ఆడు ప్రతివాడు పారతో పరుగెత్తుట ఆచారమై యుండెను. కుడిమరామత్తని దానికి పేరు. 1858లో మద్రాసు ప్రభుత్వము ఆ ఆచారమును చట్టముగా చేసెను. ఆచారము చట్టమైన పిమ్మట అందులోని ప్రేమ తగ్గి నిర్బంధము పెరిగెను. మరియొక వైపు పెద్ద కాలువలకు ప్రభుత్వపు ఇంజనీర్లు, లస్కర్లు వచ్చిరి. వారి పని గొప్పదే. ఇందు సందేహము లేదు. కాని ఊరివాడు మెల్లమెల్లగా, ఇది సర్కారు కాలువ, సర్కారే చూచుకొనును, అని గట్టు దిగిపోయెను. కాలువ పొడవు పెరిగెను, దాని చుట్టు చేతులు తగ్గెను. మన నేటి కష్టములకు వేరు ఇచట ఉన్నదని మా అభిప్రాయము.

బందరులో వలందపాలెమను పేట నేటికిని ఉన్నది. వలందులు, అనగా హాలెండువారు, 17వ శతాబ్ది ఆరంభమున వర్తకమునకై వచ్చి ఈ తీరమున కోట కట్టుకొనిరి. వారి దేశము మన డెల్టా వలెనే పల్లపు నేల. అందు చాల భాగము సముద్రమట్టమునకు క్రిందనే ఉన్నది. 13వ శతాబ్దము నుండియు అచట జలసంఘములు కలవు. గట్టు వెనుక భూమి గలవాడు గట్టు ఖర్చులో పాలు పంచుకొనవలెను. ఆ ఖర్చు మీద మాట చెప్పు హక్కు కూడ వానికి ఉండును. దేశమున ప్రభుత్వములు ఎన్ని మారినను ఆ సంఘములు నేటికిని నిలిచియున్నవి. వారు మనకు శిథిలమైన కోటను విడిచిపోయిరి గాని ఈ పద్ధతిని విడిచిపోలేదు. మనకు కుడిమరామత్తు ఉండెను గదా, వారి పద్ధతి మనకు క్రొత్త కాదు. వారు తమదానిని నిలుపుకొనిరి, మనము మనదానిని జారవిడిచితిమి.

ఇక నది కథ. 1952లో ఆనకట్టకు గండి పడెను. దాని స్థానమున ప్రకాశము బ్యారేజి 1954లో ఆరంభమై 1957లో పూర్తియయ్యెను. సుమారు 13 లక్షల ఎకరముల డెల్టా దానిమీద ఆధారపడినది. పైన నాగార్జునసాగరము నుండి 1967లో కాలువలకు నీరు విడిచిరి. శ్రీశైలము, ఆలమట్టి మొదలగు జలాశయములు అటుపిమ్మట వచ్చినవి. ప్రతి జలాశయము వెనుకను మనవంటి మనుష్యులే, మనవంటి దాహమే ఉన్నది. వారిని నిందించుట ధర్మము కాదు. కాని ఫలితమును చూడక తప్పదు. నదితో వచ్చు ఒండ్రుమట్టి జలాశయముల అడుగున నిలిచిపోవుచున్నది. ఒండ్రు రాని డెల్టాను సముద్రము కోయుచున్నది. 2001-2004 నడుమ కరువు సంవత్సరములలో కృష్ణ సముద్రమును చేరుట నామమాత్రమయ్యెను. నది వెనుకకు తగ్గిన చోటికి సముద్రము ముందుకు వచ్చును. పాయలలో ఉప్పు పైకి ప్రాకును. మరి 2024 సెప్టెంబరులో అదే బ్యారేజి వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల వరద పారినది. కొరత, ముంపు, రెండును మన కనులయెదుటనే ఉన్నవి.

2015 నుండి పట్టిసీమ వద్ద ఎత్తిపోసిన గోదావరీజలము ఇబ్రహీంపట్నము వద్ద కృష్ణలో కలియుచున్నది. సంకల్పములో ఒకదాని సరసన ఒకటిగా చెప్పుకొను రెండు నదులు మన కాలువలలో ఒకటై వచ్చుచున్నవి. ఇది మహాభాగ్యము. భాగ్యముతో బాధ్యత కూడ రెట్టింపైనది.

ఇపుడు శివారు కడవలోనికి చూతము. డెల్టాలో త్రాగునీటి యేర్పాటు తెలిసినవారికి దాని సున్నితము తెలియును. వేసవిలో కాలువలు కట్టివేయుదురు. అంతకు ముందే కాలువ నీటితో ఊరూర చెరువులు నింపుకొనవలెను. బందరు పట్టణమునకు తరకటూరు చెరువు ఇట్టిదే. గుడివాడ పట్టణమును ఇట్టి నిల్వ చెరువులపైననే ఆధారపడినది. చెరువు నుండి తీసిన నీటిని ఇసుక పడకల మీదుగా మెల్లగా వడపోసి ఇండ్లకు పంపుదురు. ఇసుకపైన ఏర్పడు సన్నని జీవపు పొర మాలిన్యమును పట్టివేయును. ఇది మంచి పద్ధతి. కాని దానికొక హద్దు కలదు. చెరువు నిండునాడు కాలువలో ఏది వచ్చునో అదే చెరువులో చేరును. అదే వేసవి అంతయు మన దాహమునకు దిక్కు.

మరి కాలువలో ఏమి వచ్చుచున్నది? బెజవాడ నగరము నడుమ నుండియే బందరు, రైవసు, ఏలూరు కాలువలు పోవుచున్నవి. నగరపు మురుగు చాల కాలముగా వాటిలో చేరుచున్నదని అందరెరిగినదే. దారిలోని ఊళ్లవారు చెత్తను గట్టుమీద పోయుదురు, గాలికి అది నీటిలో పడును. చేపల రొయ్యల చెరువుల నీరు కొన్ని చోట్ల మరల కాలువలోనికే వచ్చును. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరమున రొయ్యల చెరువులను గూర్చి కఠినమైన తీర్పు చెప్పెను. త్రాగునీరు, పంట నేల చెడుటయే ఆ వ్యాజ్యమునకు మూలము. 2005లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసి అనుమతులకు నియమములు ఏర్పరచినది. నియమము కాగితముపై ఉన్నది, తూము ఊరిలో ఉన్నది. తూము వద్ద నిలుచువాడు కావలెను. బందరులో మురుగు మోయు ఒక పెద్ద కాలువకు శివగంగ యని పేరు. పరమేశ్వరుని జటాజూటమున ఉండవలసిన పేరును మురుగునకు ఇచ్చి మనము దాని గట్టున ముక్కు మూసుకొని నడచుచున్నాము. పేరు మార్చిన చాలదు, నీరు మారవలెను.

ఒక కఠినమైన విషయము కూడ చెప్పవలసియున్నది. ఉత్సర్గమున నీరు సర్వప్రాణులకు విడువబడినదని చెప్పితిమి. చరిత్రలో ఊరు ఆ మాటను నిలుపుకొన్నదా? చాల ఊళ్లలో కొందరు మనుష్యులు చెరువు మెట్టు దిగరాదని ఆంక్షలు ఉండెను. పశువు దిగిన నీటిలో మనిషి దిగరాదనిరి. 1985 జూలైలో అప్పటి ప్రకాశము జిల్లా కారంచేడులో, దళితులు త్రాగునీరు తెచ్చుకొను చెరువును మలినపరచుటను వారు వారించుటతో వివాదము మొదలయ్యెను. జూలై 17న వారి వాడపై దాడి జరిగి ఆరుగురు హతులైరి. చెరువును శుభ్రముగా ఉంచుమన్నవారు ధర్మపక్షమున ఉండిరి. అరుణప్రశ్నములోని నిషేధమును వారు చదువలేదు, ఆచరింపుమని కోరిరి. చదివినవారము మనము ఆ దినమున ఎవరి ప్రక్కన నిలువవలసియుండెనో శాస్త్రము చెప్పకయే తెలియును. శివారు అనునది కాలువ కొసననే ఉండదు. ఒకే ఊరిలో ఒకే చెరువు గట్టున కూడ ఉండును.

1977 నవంబరు 19న, పింగళ సంవత్సర కార్తిక శుద్ధమున, దివిసీమపై ఉప్పెన పడెను. సుమారు పదివేలమంది ప్రాణములు కోల్పోయిరి. సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలగు ఊళ్ల పేర్లు నేటికిని కన్నీటితోనే పలుకబడును. మడ అడవి దట్టముగా ఉన్నచోట అలల వేగము తగ్గునని తీరవాసులు ఎరుగుదురు. 1989లో కృష్ణా ముఖద్వారపు మడ అడవులు అభయారణ్యముగా ప్రకటింపబడినవి. 1997 నుండి స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, తీరగ్రామముల వన సంరక్షణ సమితులు కలిసి కృష్ణా గోదావరీ ముఖములలో నశించిన మడలను తిరిగి పెంచిరి. ఆ పద్ధతి వినదగినది. ఆటుపోటుల నీరు చేరక నేల ఎండి ఉప్పు పేరుటచే చెట్లు చచ్చినవని గ్రహించి, చేపముల్లు ఆకారమున చిన్న కాలువలు త్రవ్విరి. పోటునకు నీరు లోపలికి పోవును, ఆటునకు ఉప్పును కడిగి తెచ్చును. అటుపిమ్మట నాటిన మొక్క బ్రదుకును. కాలువ త్రవ్విన చేతులు ఊరివారివి గనుక మొక్కను కాచునదియు వారే.

ఇట్టి తెలివి తీరవాసులకు క్రొత్త కాదు. ఇసుక దిబ్బల నేలలో దొరువులు త్రవ్వుట వారెరిగిన విద్య. వాననీరు ఇసుకలో దిగి, బరువైన ఉప్పునీటిపైన తేలును. సముద్రమట్టమునకు పైన ఒక అడుగు మంచినీరు నిలిచినచో క్రింద సుమారు నలుబది అడుగుల మంచినీరు నిలుచునని శాస్త్రజ్ఞుల లెక్క. లోతుగా గొట్టము దింపి యంత్రముతో తోడినచో పైన ఒక్క అడుగు తగ్గగానే క్రింద ఉప్పు అంతకు నలుబది రెట్లు పైకి వచ్చును. అందుచే పెద్దలు లోతు తక్కువగా, వెడల్పు ఎక్కువగా త్రవ్వి, కడవతో ముంచుకొనిరి. వారిది బీదరికమని తలచితిమి. అది కొలత తెలిసిన మితము. యంత్రము వద్దని మేము చెప్పుట లేదు; యంత్రమునకు కూడ ఆ మితము నేర్పవలెనని చెప్పుచున్నాము.

1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నీటిపారుదల నిర్వహణను రైతులకు అప్పగించు చట్టము చేసి రాష్ట్రమంతటను పదివేలకు పైగా నీటి సంఘములకు ఎన్నికలు జరిపెను. మరుగుపడిన కుడిమరామత్తునకు ఇది క్రొత్త రూపము. 2002లో నీరు, భూమి, వృక్షముల రక్షణకు మరియొక చట్టము వచ్చినది. చట్టము గట్టును చూపించును; గట్టు ఎక్కవలసినది మనము. సంఘమున్నను, పైవాడు తన తూము మూయక శివారువానికి నీతులు చెప్పినచో ప్రయోజనము లేదు.

పూర్వము మన ఇండ్లలో బానలో చిల్లగింజ అరగదీసెడివారు. సంస్కృతమున దానిని కతకఫలమందురు. ఆ గింజలోని పదార్థము నీటిలోని మట్టిరేణువులను ఒకదానితో ఒకటి కలిపి బరువెక్కించి అడుగునకు దించును. ఆ ఫలము పేరు పలికినంతమాత్రమున నీరు తేటపడదని మనుస్మృతి దీనినే దృష్టాంతముగా గ్రహించినది. అరగదీయవలెను. మరియొక మాట కూడ తెలిసికొనవలెను. చిల్లగింజ మట్టిని దించును గాని ఉప్పును దించదు. నగరపు మురుగులోని రోగబీజములను పూర్తిగా హరింపదు. ఆ రెండింటికి మందు కడవలో లేదు, కాలువ మొదట ఉన్నది.

దివిసీమలో హంసలదీవి స్థలపురాణము మీరెరిగినదే. పాపుల స్నానములచే మలినయైన గంగ కాకి రూపమున తీర్థములన్నింటిలో మునిగి, చివరకు కృష్ణ సముద్రమున కలియుచోట మునిగి హంసయై తేలెనట. ఈ కథలో ఒక రహస్యము గలదు. గంగ శుద్ధి పొందినది నది పుట్టినచోట కాదు, నది ముగియుచోట. అనగా కొసవరకు నిర్మలముగా వచ్చిన నీటికే ఆ మహిమ. నేడు ఆ కాకి తిరిగి వచ్చి మన కాలువ కొసన మునిగినచో ఏ రంగున తేలునో ఎవరికి వారు ఆలోచించుకొనవలెను.

కావున భక్తులకు మా విన్నపములు ఇవి. పూజానిర్మాల్యమును కాలువలో విడువక, దేవాలయపు తోటలో గోతిలో వేసి ఎరువు చేయుడు. పువ్వు మరల పువ్వుగా స్వామిని చేరును. వినాయకుని మట్టితోనే చేయుడు. వ్రతవిధి చెప్పినది మట్టినే, రంగు పూసిన ప్లాస్టరును కాదు. మీ ఊరి కోనేటిని కాలువ విడుచుటకు ముందే పూడిక తీయించుడు. అన్నదానమునకు ఇచ్చునట్లు దానికి కూడ ఒక దినపు కూలి అర్పింపుడు. దేవాలయపు పైకప్పు మీది వాననీటిని బావివైపు మళ్లింపుడు. మంచినీటి చెరువునకు చుట్టు కంచె, పశువులకు వేరు రేవు, అన్ని వాడలవారికి ఒకే మెట్టు ఉండునట్లు చూడుడు. చెరువు నిండు దినములలో పై ఊరి పెద్దలును శివారు ఊరి పెద్దలును కలిసి కాలువ వెంట ఒకసారి నడువుడు. ఉత్సవమునకు స్వామిని ఊరేగింతుము గదా; ఏడాదికొకసారి మనలను మనము కాలువ గట్టున ఊరేగించుకొనిన దోషము లేదు.

2016లో కృష్ణా పుష్కరములు జరిగినవి. మరల 2028లో వచ్చును. పుష్కరునితో కూడ సకలతీర్థములు కృష్ణకు వచ్చునని మన విశ్వాసము. వచ్చు అతిథికి ఇల్లు అలుకుట మన ఇంటి ఆచారము. ఘాట్లకు సున్నము వేసినంతమాత్రమున ఇల్లు అలికినట్లు కాదు. గిలకలదిండిలో ఒక గృహిణి కొళాయి క్రింద కడవ పెట్టి, నిండిన పిమ్మట దానిని వడగట్టక, వాసన చూడక, బిడ్డకు నిర్భయముగా ఇచ్చిననాడు కృష్ణ మన ఆతిథ్యమును స్వీకరించినట్లు. ఆ కడవ నిండుటకు పైనున్న ప్రతి ఊరును, ప్రతి ఇల్లును ఒక్కొక్క చేయి వేయవలెను.

స్వస్తి.